బాపు రమణల చిత్రములలో అగ్రతాంబూలము దేనికి?

బాపు రమణల చిత్రములలో మిన్న ఏది యను ప్రశ్న నలుగురు తెలుగువారు కూడినచోట లేచినచో తెల్లవారినను తీర్పు దొరకదు. ఒకరు 'ముత్యాలముగ్గు' అనియు, ఒకరు 'అందాల రాముడు' అనియు, నడివయసు దంపతులు 'పెళ్లి పుస్తకం' అనియు పట్టుబట్టి, ప్రతివారును తమ పక్షమునకు ప్రమాణముగా ఒక సంభాషణను అప్పగించి, అంతటితో వాదము గెలిచితిమని తలంతురు. నాకీ వాదపద్ధతియే సమ్మతము కాదు. సంభాషణ కంఠస్థమగుట రమణ ప్రతిభకు నిదర్శనమే కాని చిత్రము యొక్క ఘనతకు కాదు. అట్లే, ఒక్కొక్క దృశ్యమును పటము కట్టించి గోడకు వ్రేలాడదీయవచ్చునని మురిసిపోవువారు బాపు చేతివాటమును మెచ్చుచున్నారే కాని చిత్రమును తూచుట లేదు. జంటగా పనిచేసినవారి కృతులకు తారతమ్యము నిర్ణయింపవలసివచ్చినప్పుడు, ఇద్దరిలో ఏ యొక్కరిని తొలగించినను కుప్పగూలునట్టి చిత్రమేదియో దానికే పెద్దపీట వేయవలెనని నా పక్షము.

నిక్కముగా చూచినచో వీరిని దర్శకద్వయమనుటకు వీలులేదు. దర్శకుడుగా తెరపై పడిన పేరు బాపుది, రచన రమణది. కాని 'బుడుగు' చదివినవారికి ఈ విభజన ఎంత నామమాత్రమో తెలియును. ఆ పిల్లవానిని పలికించినది ఒకరు, గీసినది మరియొకరు. అయినను ఆ రెంటిని విడదీసి తలచుకొనగల పాఠకుడు నాకింతవరకు తారసపడలేదు. ఆ పుస్తకమున కుదిరిన జోడింపు తెరపై ఎన్నిమారులు కుదిరినదన్నదే అసలు ప్రశ్న.

ఈ కొలతకు మొదట వీగిపోవునది, ఆశ్చర్యముగా, 'సీతా కల్యాణం'. 1976లో వచ్చిన ఆ చిత్రమున రవికాంత్ నగాయిచ్ పనితనముతో రూపొందిన గంగావతరణ ఘట్టమును చూచి చేతులు జోడింపనివారుండరు, నేనును జోడించితిని. విదేశీ చిత్రోత్సవములలో అది ఆదరము పొందుటకు కారణము కూడ అదియే: మాటలు అర్థము కాకపోయినను ప్రేక్షకునకు లోటు లేదు. లోటు లేదనగా మాటలకు అందు పని లేదనియే కదా! అది బాపు ఒక్కని చిత్రము. దానిని వరుసలో చేర్చక వేరుగా, గౌరవముగా ఉంచుదును.

'పెళ్లి పుస్తకం' దీనికి సరిగ్గా విపర్యయము. పెళ్లికానివారు ఉద్యోగముకొరకు దంపతులమని నటించిన 'మిస్సమ్మ' కథను తలక్రిందులు చేసి, దంపతులే అవివాహితులమని నటించునట్లు రావి కొండలరావు కల్పించిన ఇతివృత్తమది. దానిని రాజేంద్రప్రసాద్, దివ్యవాణి ఎంత ముచ్చటగా నడిపినను, కన్నులు మూసికొని రేడియో నాటకమువలె విన్నచో ముప్పాతికభాగము మనకు దక్కును.

ఇక 'ముత్యాలముగ్గు' సంగతి. 1975 నాటి ఈ చిత్రమును మొదటిస్థానమునుండి దించినచో నాకు కొందరు మిత్రులు దూరమగుదురని ఎరుగుదును. రావుగోపాలరావు ధరించిన కాంట్రాక్టరును గమనింపుడు. తెల్లని బట్టలు కట్టి, అరుణోదయమును రసికునివలె తిలకించుచు, ఆ ఎఱ్ఱదనమున అతడు చూచునది హత్య! కారు డిక్కీలో భజంత్రీలను కూర్చుండబెట్టి సన్నాయి వినుచు పోవును. మనుష్యులకు కూడ అదే డిక్కీలో చోటు చూపింతునని బెదరించును. క్రౌర్యమునకు సౌందర్యారాధనను జతచేయవలెనన్న ఊహ రమణది. ఆ ఉదయపు వెలుగును నిజముగనే అందముగా చూపనిచో ఆ పరిహాసము పండదని ఎరిగినవాడు బాపు. ఆ వెలుగును పట్టిన ఇషాన్ ఆర్యకు ఛాయాగ్రహణమున జాతీయ పురస్కారము లభించినది. మాట నవ్వించుచుండగా బొమ్మ భయపెట్టును. ఈ రెండును ఏకకాలమున జరుగుట తెలుగుతెరపై అపూర్వము. అయినను కాంట్రాక్టరు తెరపై లేని రీళ్లను కూడ మనము చూడవలసియున్నది కదా! శంకితయై ఇల్లు వెడలిన ఇల్లాలి కష్టములు మనసును తాకునవే కాని, ఆ భాగమున కథ మందగించి, ప్రతినాయకుని రాకకై మనము ఎదురుచూచుచుందుము. నాయిక దుఃఖముకంటె దుష్టుని చమత్కారము ప్రియమైనప్పుడు కథయందు త్రాసు ఒరిగినదనియే అర్థము. ద్వితీయ స్థానమునకు మించి దానికీయజాలను.

ప్రథమస్థానము 'సాక్షి'ది. 1967లో, అదివరకు ఒక్క చిత్రమునకైనను దర్శకత్వము వహింపని బాపు, 'రక్తసంబంధం' వంటి చిత్రములకు మాటలు వ్రాసి అప్పటికే పేరు గడించిన రమణ, రంగులకు పెట్టుబడి లేక నలుపు తెలుపులలో, స్టూడియోల జోలికి పోక గోదావరి సీమయందలి పులిదిండి గ్రామమున తీసిన చిత్రమిది. 'గూఢచారి 116'లో తుపాకి పట్టి యువకులను ఉఱ్ఱూతలూగించిన కృష్ణను, ఆ మరుసటియేడే, పిరికివాడైన పడవవానిగా నిలుపుటకు ఎంత సాహసము కావలెనో ఊహించుకొనుడు. పడవ కిష్టయ్య ఒక హత్యను కన్నులార చూచును. ఊరివారి ప్రోద్బలమున న్యాయస్థానమున సాక్ష్యము చెప్పును. హంతకుడు ఫకీరు పగబట్టి, చెఱ తప్పించుకొని తిరిగి వచ్చుచున్నాడని తెలియగానే, నిన్నటివరకు కిష్టయ్యను పొగడిన ఊరు ఒక్కొక్క తలుపే మూసికొనును.

ఆ తలుపులు మూసికొనుటలో నాకు ఈ జంట యొక్క సర్వస్వము కనిపించును. మాటలతో లోకమును నవ్వింపగల రచయిత, తన తొలి సొంత చిత్రమున, అతి ముఖ్యమైన తావున మాటను ఉపసంహరించుకొనెను. గీతల పొదుపునకు పేరుపొందిన చిత్రకారుడు ఆ మౌనమును వీథులతోను, గుమ్మములతోను, ఒంటరియైన మనుష్యునితోను నింపెను. రమణ లేనిచో ఆ పిరికివానికి మనసు ఉండదు. బాపు లేనిచో ఆ ఊరికి ముఖము ఉండదు. కొందరు విమర్శకులు ఇది 'హై నూన్' అను అమెరికా చిత్రమునకు ఛాయయని తీసివేయుదురు. పోలిక ఉన్నమాట నిజమే. ముగింపున జరుగు బాహాబాహీ కూడ కొంత సాగదీసినట్లుండును. కాని అచట గేరీ కూపర్ ధరించిన నాయకుడు ఆయుధధారియైన అధికారి, భయము నెరిగియు దానిని అణచుకొనగలవాడు. ఇచట కిష్టయ్యకు పడవ గెడయే తప్ప అధికారము లేదు, ధైర్యము అంతకన్న లేదు. ధైర్యవంతుడు నిలబడుటలో వింత యేమున్నది? పారిపోవుటకు సర్వవిధముల తగినవాడు నిలబడవలసివచ్చుటయే కథ.

మూడవస్థానముకొరకు 1969 నాటి 'బుద్ధిమంతుడు'ను, 1973 నాటి 'అందాల రాముడు'ను పెనుగులాడించి చూచితిని. అక్కినేని రెండు పాత్రలలో భక్తుడైన అన్నగను, నాస్తికుడైన తమ్మునిగను వాదించుకొను మొదటి చిత్రమున ఆలోచన ఎక్కువ. గోదావరిపై భద్రాద్రికి పోవు పడవలో సంఘమునంతటిని ఎక్కించిన రెండవదానిలో ఆహ్లాదమెక్కువ. నేను పడవనే ఎన్నుకొందును, గోదావరిజిల్లా పక్షపాతమని ఎవరైన నిందించినను సరే. 'మనవూరి పాండవులు' కన్నడమునుండి వచ్చిన కథ. ఎంత బిగువుగా తీసినను దానిపై ఈ జంట ముద్ర పలుచన.

చివరిది 'శ్రీరామరాజ్యం'. రమణ 2011 ఫిబ్రవరిలో కన్నుమూయగా, ఆ నవంబరులో విడుదలైన చిత్రమగుటచే దానిని గూర్చి కఠినముగా పలుకుటకు చాలమందికి నోరు రాదు. నాకును అది సుఖముగా లేదు. కాని నిందపడిన ఇల్లాలి కథను ఈ ఇద్దరే ముప్పదియారేండ్లకు పూర్వము ఒకమారు చెప్పియున్నారు. అప్పుడు ఉత్తర రామాయణమును మనవారి పెళ్లియిండ్లలోనికి, బంధువుల కుట్రలలోనికి దింపి, లోకాపవాదమునకు కారునెక్కి తిరుగు ఒక కాంట్రాక్టరు రూపమిచ్చిరి. అందు ఆంజనేయుడు కూడ పిల్లలతో ఆడుకొనుటకు వచ్చెను. పురాణమును పురాణముగనే తిరిగి తీసినప్పుడు తెరయంతయు బంగారుకాంతులు నిండినవి గాని, ఆ నింద ఎచటినుండి పుట్టినదో, ఎవరికి లాభించినదో చూపునట్టి ఒక్క దుర్మార్గుడును దొరకలేదు. వరుసలో దానికి నేనిచ్చు చోటు 'మిస్టర్ పెళ్లాం' తరువాతనే.