ఉత్తరముల పెట్టె తాళము ఎవరిచేత నుండవలెను?



గత కార్యవర్గ సమావేశమున మేము చేసిన ప్రతిపాదన మీలో పలువురికి తెలిసియే యుండును. సంఘము తన ఈ-మెయిలు ఉత్తరములకై స్వంత సర్వరు నొకదానిని నెలకొల్పుకొనవలెనని మేము కోరితిమి. కొందఱు నవ్విరి. కొందఱు "చెఱువు నీళ్లు ఉచితముగా దొరకుచుండగా ఇంట బావి త్రవ్వుట యెందుకు?" అనిరి. పెద్దలొకరు "నూలు వ్యాపారికి కంప్యూటరు పనులేల?" అని సెలవిచ్చిరి. ఆ మాటలు సభలోనే ముగిసినచో మేమును మిన్నకుండెడివారము. అవి షోలాపురము బజారు వఱకు వచ్చినవి గనుక బదులు చెప్పుట మా విధి యైనది.

మొదట జరిగిన నష్టమును చెప్పెదము. సంఘమునకు 2011 నుండి ఒక ఉచిత సంస్థ వద్ద ఈ-మెయిలు పెట్టె యుండెను. దానిని తెఱచినవారు మన పూర్వ కార్యదర్శిగారు. తమ స్వంత ఫోను నంబరునే ఆ పెట్టెకు గుర్తుగా నిచ్చిరి. వారు స్వర్గస్థులైన పిదప ఆ నంబరు రద్దయ్యెను. కొన్నాళ్లకు సంఘము కొన్న కొత్త కంప్యూటరు నుండి పెట్టె తెఱువబోగా, "మీ నంబరునకు సంకేతము పంపితిమి, దానిని చెప్పుడు" అని ఆ సంస్థ యడిగెను. నంబరే లేదు; సంకేతమెక్కడిది? మేము పలుమాఱులు మొఱపెట్టుకొంటిమి. ప్రతిసారియు యంత్రమే బదులిచ్చెను గాని మనుష్యు డొక్కడైనను బదులీయలేదు.

ఆ పెట్టెలో ఏమున్నవి? తెలుగు బోధనకై మనము పంపిన అర్జీలు, వానికి వచ్చిన ప్రత్యుత్తరములు, పేద విద్యార్థులకిచ్చిన వేతనముల జాబితాలు, బరంపురము, హోసూరు, బళ్లారి, యానాము సోదరులు వ్రాసిన జాబులు. ఆ జాబులు పోయినందుకు దుఃఖింపవచ్చును; మరల వ్రాయించుకొనవచ్చును. కాని ఒక పాఠశాలలో తెలుగు తరగతి తెఱచుటకై అధికారులు మునుపిచ్చిన అనుమతి నకలును గడువులోపల చూపవలసి యుండెను. ఆ నకలు ఆ పెట్టెలోనే యుండెను. చూపలేకపోతిమి. ఆ యేడు ఆ తరగతి తెఱువబడలేదు. ఆ పిల్లలు ఇంట తెలుగు మాటాడుదురు, తెలుగు చదువలేరు. ఒక యేడు తప్పిన పిల్లవాడు మరుసటి యేడు వచ్చి మొదటి అక్షరము దిద్దునా? ఇది కంప్యూటరు సంగతి యని నవ్వినవారు ఈ ప్రశ్నకు బదులు చెప్పుదురు గాక!

కార్యదర్శిగారిని మేము నిందింపము. వారి సేవను మఱచినవాడు కృతఘ్నుడు. ఆ దినములలో అందఱును అట్లే చేసిరి. తప్పు మనందఱిది. పెట్టె మనది కాదని, తాళపుచెవియు మనది కాదని తెలిసికొనకుండుటయే ఆ తప్పు.

చెఱువు నీళ్ల ఉపమానము చెప్పినవారికి మా బదులిది. చెఱువు ఊరిది, దానిపై ఊరివారికందఱకు హక్కు కలదు. ఉచిత ఈ-మెయిలు పెట్టె ఒక ఆసామి దొడ్డిలోని బావి వంటిది. ఆయన దయగలవాడే కావచ్చును, నీళ్లు తీయగా నుండవచ్చును. కాని దొడ్డి తలుపు మూయు నాడు ఆయన మనల నడుగడు. యాహూ వారి గుంపులలో లోకమునందలి లక్షలాది జనులు ఏండ్లకొలది చర్చలు జరుపుకొనిరి. వారిలో మన తెలుగువారును కలరు. ఆ సంస్థ 2020 డిసెంబరు 15న వానిని మూసివేసెను. అంతకు ముందే పాత జాబులను తొలగించెను. గూగుల్ సంస్థ రెండేండ్లపాటు వాడుకలేని వ్యక్తిగత ఖాతాలను తుడిచివేయు నియమమును 2023లో ప్రకటించి, ఆ డిసెంబరు నుండి అమలు చేయ మొదలిడెను. వారు అన్యాయము చేసిరని మేమనము. వారి సొత్తు, వారి ఇష్టము. ఏ వ్యాపారియైనను తన చిట్టా ఆవర్జాలను పొరుగువాని పెట్టెలో నుంచి, తాళపుచెవిని ఆయన మొలత్రాటికే కట్టి వచ్చునా?

ఇక స్వంత సర్వరనగా ఏదియో బ్రహ్మవిద్య యని భయపడువారికి దాని స్వరూపమును చెప్పెదము. మేము మెట్రిక్యులేషను దాటినవారము కాము. మాకు బోధపడినది ఎవరికైనను బోధపడును.

తపాలా కచేరి నొకసారి తలంచుకొనుడు. ఉత్తరములను పుచ్చుకొని, వేఱుపఱచి, పైయూళ్లకు పంపు గుమాస్తా ఒకడు. వచ్చిన ఉత్తరములను ఎవరి అరలో వారివి భద్రపఱచి, గుర్తు చూచి యిచ్చువాడొకడు. మనము నిలిచి మాటాడు కిటికీ యొకటి. సర్వరునందును ఈ మూడే. మొదటివానిపేరు పోస్ట్‌ఫిక్స్. రెండవవానిపేరు డవ్‌కాట్. కిటికీ పేరు రౌండ్‌క్యూబ్. ఆ కిటికీని ఏ కంప్యూటరు నుండియైనను, చేతిలోని ఫోను నుండియైనను తెఱచి ఉత్తరములు చదువవచ్చును. అందుచేతనే దానిని వెబ్‌మెయిలు అందురు. ఇవన్నియు లినక్స్ అను వ్యవస్థపై నడచును. లినక్స్‌ను లైనస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లండు విద్యార్థి 1991లో మొదలిడెను. నేడు వేలకొలది జనులు కలిసి దానిని పెంచుచున్నారు. ఈ సాధనములలో దేనికిని వెల లేదు. వీని మూలము బహిరంగము. ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పంచుకొనవచ్చును. వీనిని ఒక ఆసామి దొడ్డికి చేర్చి తలుపు వేయుటకు వీలు లేదు. అసలైన ఊరి చెఱువు ఇదియే.

గుమాస్తాలను కూర్చుండబెట్టినంత మాత్రమున పని తీరదు. ఊరిలో మన చిరునామా అందఱకు తెలియవలెను. దానికి మన పేరిట ఒక డొమెయిను కొనవలెను. ఆ పేరుతో వచ్చు ఉత్తరములను ఏ యంత్రమునకు చేర్చవలెనో తెలుపు చీటీని ఎం.ఎక్స్. అందురు. మన పేరిట ఉత్తరములు పంపుటకు ఏ యంత్రములకు అధికారమున్నదో చెప్పునది ఎస్.పి.ఎఫ్. ప్రతి యుత్తరముపై వేయు లక్కముద్ర వంటిది డి.కె.ఐ.ఎం. ముద్ర సరిపడని ఉత్తరమును ఏమి చేయవలెనో చెప్పునది డి.మార్క్. మన యంత్రపు అంకెల చిరునామాను అడిగినప్పుడు మన పేరే పలుకవలెను. దానిని ఆ అంకెలు మనకిచ్చిన సంస్థచేతనే వ్రాయించుకొనవలెను. ఈ అయిదును కుదిరిన పిమ్మటనే ఇతరులు మన ఉత్తరమును నమ్ముదురు.

ఇప్పుడు ఆక్షేపణలకు వత్తము.

"మీ సర్వరు నుండి పంపిన ఉత్తరములు చెత్తబుట్టలో బడును" అనిరి. ఇది నిజమైన ఆక్షేపణ; దీనిని మేము తేలికగా త్రోసివేయము. మా దుకాణములో ఒక పాత కంప్యూటరుపై డెబియన్ లినక్స్ వేసి, మా మేనల్లుని సాయముతో మేమే పరీక్షించితిమి. ఉత్తరములను పంపు ఇరువదియైదవ నంబరు ద్వారమును మా ఇంటర్నెట్టు వారు మూసి యుంచిరి. ఇండ్లకిచ్చు లైన్లలో ఇది తఱచు జరుగునదే. అందుచేత బయట ఒక చిన్న సర్వరును అద్దెకు తీసికొంటిమి. మొదటి ఉత్తరము మా బావగారి చెత్తబుట్టలోనే బడెను. కారణమేమని వెదుకగా, యంత్రపు అంకెలు అద్దెకిచ్చినవారి పేరు పలుకుచుండెను. దానిని సరిచేయించి, ముద్ర వేయించిన పిదప ఉత్తరములు తిన్నగా చేరుచున్నవి. గూగుల్, యాహూ సంస్థలు 2024 ఫిబ్రవరి నుండి ఈ నియమములను గట్టిగా అమలు చేయుచున్నవి. నియమములు వ్రాసి యున్నవి గనుక పాటింపవచ్చును. పాటించినను ఒక్కొక్కప్పుడు ఉత్తరము దారి తప్పవచ్చును. ముఖ్యమైన అర్జీకి ప్రతి నొకదానిని తపాలాలో పంపుట మానరాదు.

"కరెంటు పోయిన ఉత్తరములు పోవును" అనిరి. ఇది తెలియని మాట. మన సర్వరు పలుకని యెడల, పంపినవారి సర్వరు ఆ ఉత్తరమును తనవద్దనే యుంచుకొని మాటిమాటికి ప్రయత్నించును. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా అయిదు దినములు వేచియుండును. ఒకపూట కరెంటు పోయినంతనే ఏ ఉత్తరమును నశింపదు.

"దొంగలు చొరబడుదురు" అనిరి. తాళము వేయని ఇంట చొరబడక మానరు. రౌండ్‌క్యూబ్‌లో పదేండ్లుగా ఎవరికిని కనబడక దాగియున్న లోపమొకటి 2025 జూనులో బయటపడెను. ఒక్క సభ్యుని పాస్‌వర్డు దొరకిన వాడు సర్వరునంతటిని చేజిక్కించుకొనుటకు అది దారి యిచ్చుచుండెను. సవరణ వెంటనే వెలువడెను. దొంగలును కొద్దిదినములలోనే తమ సాధనములను సిద్ధము చేసికొనిరి. సవరణను ఆనాడే వేసికొన్నవాడు బ్రతికెను. కావున సర్వరును నెలకొల్పుట ఒక దినపు పని, కాపాడుట ప్రతివారపు పని యని తెలిసి దిగవలెను. వారమునకొక గంట సవరణలు వేయువాడు, అతడు ఊరలేనప్పుడు పని చూచు రెండవవాడు, ఉత్తరములన్నిటికి నకలును వేఱొక చోట నుంచు ఏర్పాటు: ఈ మూడును లేనిచో మా ప్రతిపాదనను మేమే త్రోసివేసెదము. మేమును ఒకసారి దెబ్బతింటిమి. భద్రతా పత్రమును లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ ఉచితముగా నిచ్చును. గడువు దగ్గఱపడగనే కొత్తది తనంతట తానే వచ్చును. కొత్తది వచ్చెను గాని, డవ్‌కాట్ పాతదానినే పట్టుకొని కూర్చుండెను. ఒక ఉదయమున మా గుమాస్తాల ఫోనులన్నియు మొఱ్ఱో యని యఱచెను. కొత్త పత్రము రాగానే దానిని చదువుమని డవ్‌కాట్‌కు చెప్పు ఆజ్ఞ నొక్కదానిని చేర్చగనే ఆ బాధ తీఱెను.

"ఖర్చు" అనిరి. డొమెయినుకు ఏటికి సుమారు వెయ్యి రూపాయలు. చిన్న సర్వరు అద్దె నెలకు నాలుగైదు వందలు. వార్షికోత్సవమున మనము ఒకరికొకరము కప్పుకొను శాలువల సొమ్ముతో పోల్చి చూడుడు. ఇంతకు మించి మేము వ్రాయము.

"అంత శ్రమ యేల? డొమెయిను మాత్రము కొని, సొమ్ము పుచ్చుకొను సంస్థ నొకదానికి నిర్వహణము నొప్పగింపరాదా?" అని ఒక యువకుడు అడిగెను. సభలో వచ్చిన మాటలలో ఇదియే తెలివైనది. మాకు అభ్యంతరము లేదు. డొమెయిను మన సంఘము పేరిట నుండి, దాని తాళము ఇద్దఱు పదాధికారుల చేతనున్న యెడల, నేడు ఒక సంస్థను విడిచి రేపు మఱొకచోటికి పోవచ్చును, చిరునామా మాఱదు. స్వంత సర్వరునకు మనవారు సిద్ధపడు వఱకు ఆ మార్గమున నడువవచ్చును. కాని ఒకరి పేరిట, ఒకరి ఫోనుపై నిలిచిన ఉచిత పెట్టెను మాత్రము ఇక సంఘమునకు వాడరాదు. దీనిపై మేము రాజీపడము.

మన తాతలు మగ్గములతో ఈ యూరు వచ్చినప్పుడు తమ భాషను వెంట దెచ్చుకొనిరి. రాజ్యాంగమునకు 1956లో జరిగిన ఏడవ సవరణము 350-ఎ అధికరణమును చేర్చి, మనవంటి అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పింపుడని ప్రభుత్వములకు చెప్పెను. ఆ హక్కు కాగితముపై నున్నది. దానిని అడుగువాడు కాగితము చూపవలెను. చూపవలసిన కాగితము పరుల పెట్టెలో చిక్కుకొన్నచో హక్కుండియు లేనట్లే.

మఱొక మాట. పోస్ట్‌ఫిక్స్ 2015 నుండి తెలుగు లిపిలోని చిరునామాలను సైతము మోయగలదు. తెలుగు లిపిలో '.భారత్' అను డొమెయినును కలదు. అందఱి సర్వర్లును ఇంకను అట్టి చిరునామాను అంగీకరింపవు గనుక ఇంగ్లీషు చిరునామాయు వెంట నుండవలెను. అయినను, మన పిల్లవాడు తన పేరును తెలుగక్షరములలో వ్రాసికొని, దానికే ఉత్తరము తెప్పించుకొను దినమును చూడవలెనని మాకు కలదు.

వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ తీర్మానమును మరల ప్రవేశపెట్టెదము. డొమెయిను సంఘము పేరిట కొనుట, తాళములను ఇద్దఱి చేత నుంచుట, మా దుకాణములో నడచిన సర్వరును ఆరు మాసములు సంఘమునకు ఉచితముగా వాడి చూచుట: ఇంతియే మా కోరిక. ఆరు మాసములలో ఒక్క అర్జీయైనను మా సర్వరు మూలమున చెడిన యెడల, ఆ సభలోనే లేచి క్షమాపణ చెప్పుకొనెదము. వ్యతిరేకించువారు ఆ తెలుగు తరగతి పిల్లల తల్లిదండ్రులను వెంటబెట్టుకొని వచ్చి వ్యతిరేకింతురు గాక. వారి యెదుట మాటాడుటకు మేము సిద్ధముగ నున్నాము.