యూనివర్సిటీ పోర్టల్‌ని కూడా రివ్యూ చేద్దాం

కొత్త ఫోన్ కొనే ముందు ప్రాసెసర్ ఏంటి, ర్యామ్ ఎంత, ఛార్జింగ్ ఎంతసేపు నిలుస్తుంది అని పది వీడియోలు చూస్తాం. అదే ఫోన్‌లో మన యూనివర్సిటీ ఎగ్జామ్ ఫీజు పేజీ సరిగ్గా పనిచేస్తుందా అన్నది మాత్రం ఎవరూ రివ్యూ చేయరు. నా అభిప్రాయం సూటిగా చెప్తా. ఫీజు, హాల్‌టికెట్, రిజల్ట్స్, రీవాల్యుయేషన్, ఇవన్నీ మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో మొదటి నుంచి చివరిదాకా పూర్తవ్వాలి. మధ్యలో నెట్ సెంటర్‌కి పరుగెత్తాల్సి వస్తే ఆ పోర్టల్ ఫెయిల్ అయినట్టే.

మాది పల్నాడు జిల్లా పెదకూరపాడు. గుంటూరు–నడికుడి రైలు మార్గంలో ఉంటుంది. ఇక్కణ్నుంచి రోజూ కాలేజీకి వెళ్లొచ్చే నా ఫ్రెండ్స్‌లో ల్యాప్‌టాప్ లేనివాళ్లే ఎక్కువ. వాళ్లకి ఉన్న ఒకే కంప్యూటర్ జేబులో ఫోన్.

సమస్య ఎక్కడొస్తుందో చూడండి. 3 జీబీ, 4 జీబీ ర్యామ్ ఫోన్‌లో బ్రౌజర్‌లో ఫామ్ నింపుతాం. డబ్బు కట్టడానికి యూపీఐ యాప్ ఓపెన్ అవుతుంది. ర్యామ్ చాలక ఆండ్రాయిడ్ వెనకున్న బ్రౌజర్ ట్యాబ్‌ని మూసేస్తుంది. తిరిగొచ్చేసరికి పేజీ మళ్లీ మొదటి నుంచి లోడ్ అవుతుంది. అకౌంట్‌లో డబ్బు కట్ అయింది, రసీదు మాత్రం రాలేదు. చివరి తేదీ రోజు ఇలా జరిగితే రెండోసారి కట్టాలా, ఫైన్ కట్టాలా, పరీక్ష రాయనిస్తారా అని రాత్రంతా టెన్షన్. తప్పు ఫోన్‌ది కాదు. నింపిన వివరాలు ఎప్పటికప్పుడు సర్వర్‌లో సేవ్ చేసి, పేమెంట్ స్టేటస్ తర్వాతైనా చూపించేలా పోర్టల్ కట్టుకుంటే చాలు.

"ఒక యాప్ చేస్తే పోలా?" అంటారు. స్టోరేజ్ నిండిన ఫోన్‌లో ఏడాదికి నాలుగుసార్లు వాడే యాప్ ఎవరు ఉంచుకుంటారు? అందరి ఫోన్‌లో ఇప్పటికే ఉన్నది వాడుకోవడం మేలు. ఏపీ ప్రభుత్వం 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది. మరుసటి నెలలోనే ఇంటర్ హాల్‌టికెట్లు అందులో ఇచ్చారు. ఇంటర్‌లో వాట్సాప్‌లో హాల్‌టికెట్ తీసుకున్నవాళ్లు డిగ్రీలోనూ అదే సౌకర్యం అడగడంలో తప్పేముంది? అలాగని అంతా వాట్సాప్ మీదే పెట్టమని కాదు. తేలిగ్గా తెరుచుకునే మొబైల్ వెబ్‌సైట్ ముందు ఉండాలి, వాట్సాప్ రెండో దారి.

2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదివి క్రెడిట్లు తెచ్చుకునే వీలుంది. పాఠం ఫోన్‌లో వినొచ్చు అన్నప్పుడు ఆ పరీక్ష ఫీజు కూడా ఫోన్‌లోనే కట్టగలగాలి కదా.

అందుకే ఈసారి ఫీజు నోటిఫికేషన్ వచ్చినప్పుడు మీరే టెస్ట్ చేయండి. ఇంట్లో ఉన్న పాత ఫోన్ తీసుకోండి, వైఫై ఆపేయండి. పేజీ ఎన్ని సెకన్లకు తెరుచుకుంది? ఓటీపీ కోసం బయటికెళ్లొస్తే ఫామ్ అలాగే ఉందా? డెస్క్‌టాప్ మోడ్ పెట్టాల్సి వచ్చిందా? రసీదు ఫోన్‌లో సేవ్ అయిందా? ఆగిపోయిన చోట స్క్రీన్‌షాట్ తీసి, రోల్ నంబర్, ఫోన్ నంబర్ చెరిపేసి, ఫోన్ మోడల్ పేరుతో సహా మీ కాలేజీ ఎగ్జామ్ సెక్షన్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. "సైట్ బాలేదు" అంటే ఎవరూ పట్టించుకోరు. ఏ ఫోన్‌లో, ఏ పేజీలో, ఏ బటన్ దగ్గర ఆగిందో చెప్తే సరిచేయడానికి దారి దొరుకుతుంది.