ఉచితంగా దొరికిన పాట, గాయకుని కూలి

2025 నవంబరులో ఐబొమ్మ వెబ్‌సైటు నిర్వాహకుడిని హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు అరెస్టు చేశారు. కొత్త సినిమాలను అనుమతి లేకుండా ఇంటర్నెట్‌లో పెట్టాడన్నది అతని మీద ఆరోపణ. అది నిజమో కాదో న్యాయస్థానం తేలుస్తుంది. మమ్మల్ని ఆలోచింపజేసింది అరెస్టు కాదు, ఆ తర్వాత వినబడిన మాటలు. టిక్కెట్ల ధరలు అలా పెంచితే జనం ఏం చేస్తారని అడిగినవారు, పేదవాడికి సినిమా చూపించాడని మెచ్చుకున్నవారు తక్కువేమీ లేరు. అలా మాట్లాడినవారిలో ఆదివారం మన పక్కన కూర్చుని ఆరాధించేవారు కూడా ఉన్నారు.

సినిమా సంగతి ఈ పేజీకి అవసరం లేదనిపించవచ్చు. పాట సంగతి మాత్రం మనదే. క్రైస్తవ గీతాలను, వాటి మ్యూజిక్ ట్రాకులను ఏదో ఒక సైటు నుంచి డౌన్‌లోడ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఒక సంఘం నుంచి మరో సంఘానికి పంచుకోవడం మనకు ఎంత మామూలైపోయిందంటే, అందులో ప్రశ్న ఉందని కూడా తోచదు. అంతకుముందు సెల్‌ఫోన్ దుకాణాల్లో మెమరీ కార్డు ఇస్తే పది ఇరవై రూపాయలకు వందల పాటలు ఎక్కించి ఇచ్చేవారు. ఇంకా ముందు టేప్‌రికార్డరులో రెండు క్యాసెట్లు పెట్టి ఒకదాని నుంచి మరొకదానికి ఎక్కించుకున్నాం. పద్ధతి మారింది, అలవాటు మారలేదు.

పురానాపూల్‌నే తీసుకుందాం. ఇబ్రహీం కుతుబ్ షా పాలనలో, 1578లో మూసీ మీద కట్టిన వంతెన అది. హైదరాబాద్ నగరం పుట్టకముందే పుట్టింది. దానిమీద నడిచేవారిని ఎవరూ పైసా అడగరు. ఆ వంతెన మీదనే కూరగాయలు అమ్ముకునేవారు కూర్చుంటారు. దారి ఉచితం కదా అని టమాటాలు సంచిలో వేసుకుని నడిచిపోయేవారు ఉండరు. బేరమాడతాం, కొసరు అడుగుతాం, చివరికి డబ్బు ఇచ్చే కదులుతాం. ఇంటర్నెట్‌లో దారికీ సరుకుకూ మధ్య తేడా కంటికి కనబడదు. రీచార్జి చేయించాం కాబట్టి పాటకు కూడా చెల్లించేసినట్టు అనిపిస్తుంది. ఆ రీచార్జి డబ్బు ఫోను కంపెనీకి చేరుతుంది గాని పాట రాసినవారికి చేరదు.

టమాటాలు తీసుకుంటే బండి మీద తగ్గుతాయి, పాట కాపీ చేసుకుంటే ఎవరికి ఏం తగ్గింది అని మన యువకులు అడుగుతారు. మంచి ప్రశ్నే, కసిరి ఊరుకోవలసింది కాదు. ఫైలు తగ్గదు, నిజమే. తగ్గేది వేరే ఉంది. ఒక పాట మన చెవిన పడేలోపు రాసినవారు, బాణీ కట్టినవారు, కీబోర్డు ప్రోగ్రామింగ్ చేసినవారు, తబలా, వేణువు వాయించినవారు, గంటల లెక్కన స్టూడియో అద్దె, మిక్సింగ్ చేసిన ఇంజినీరు, ఇంతమంది శ్రమ, ఖర్చు ముందే అయిపోతాయి. అది తిరిగి రాకపోతే చిన్న ఊరి సంఘంలోని కవి రెండో పాట రికార్డు చేయించలేడు. అప్పుడు కెమెరాలు, సొంత స్టూడియోలు, విదేశీ విరాళాలు ఉన్న పెద్ద పరిచర్యల పాటలే మిగులుతాయి. ఏ పల్లెలో ఏ సంఘానికి వెళ్లినా అవే నాలుగు గొంతులు, అవే బాణీలు ఎందుకు వినబడుతున్నాయో అడిగేవారికి జవాబులో కొంత భాగం ఇక్కడ ఉందని మా అభిప్రాయం.

లేఖనాల్లో ఇది కొత్త సమస్య కాదు. నెహెమ్యా కొంతకాలం యెరూషలేములో లేనప్పుడు లేవీయులకూ గాయకులకూ రావలసిన పాళ్లు ఎవరూ ఇవ్వలేదు. వారు మందిర సేవ వదిలి ఎవరి పొలాలకు వారు వెళ్లిపోయారు. తిరిగివచ్చిన నెహెమ్యా గాయకులను భక్తి తగ్గిందని మందలించలేదు. అధికారులతో వాదించాడు, గాయకులను తిరిగి పిలిపించాడు, ప్రజలు ధాన్యం, ద్రాక్షారసం, నూనె తెచ్చేలా చేశాడు, పంచిపెట్టడానికి నమ్మకమైన మనుషులను నియమించాడు. పదమూడవ అధ్యాయం మన సంఘ కమిటీ మీటింగులో ఒకసారి చదివితే బాగుంటుంది. ఉచితంగా పొందితిరి, ఉచితంగా ఇయ్యుడి అన్న భావాన్ని ఈ చర్చలో తరచుగా ముందుకు తెస్తుంటాం. అది ఇచ్చేవారికి చెప్పిన మాట. తీసుకునేవారు దాన్ని ఆజ్ఞగా చూపించి అడగడానికి కాదు.

ఇక చట్టం. ఇందులో భయపడవలసినంత లేదు, నిర్లక్ష్యం చేయదగినదీ కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షను నిజమైన మతపరమైన కార్యక్రమంలో పాట పాడటాన్ని, రికార్డు వినిపించడాన్ని ఉల్లంఘన కాదంటోంది. పెళ్లి ఊరేగింపు వంటివి కూడా అందులోకి వస్తాయి. కాబట్టి ఆదివారం ఆరాధనలో ఫలానావారి పాట పాడితే కేసు వేస్తారేమోనన్న బెంగ అక్కరలేదు. ఆ మినహాయింపు ఆరాధన వరకే. పాటలను కాపీ చేసి పంచడానికి, సీడీలు వేసి అమ్మడానికి, మన సంఘం ఛానెల్‌లో ఎక్కించుకోవడానికి అది అనుమతి కాదు. చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 సంవత్సరాలు హక్కు ఉంటుంది. పురుషోత్తమ చౌధరిగారు 1890లో ప్రభువునందు నిద్రించారు, వారి కీర్తనలు అందరివీ. అయితే అదే కీర్తనను ఇప్పుడు ఎవరైనా కొత్తగా వాయించి రికార్డు చేస్తే ఆ రికార్డింగుకు 60 సంవత్సరాల హక్కు వేరుగా ఉంటుంది. కీర్తన మనది, ట్రాకు మనది కాదు. చాలా తగాదాలు ఈ తేడా తెలియకనే వస్తున్నాయి. ఆరాధనను ప్రత్యక్ష ప్రసారం చేసే సంఘాలకు యూట్యూబ్ నుంచి కాపీరైట్ హెచ్చరికలు వచ్చేదీ అందుకే. పాట పోలికను పట్టుకునే యంత్రానికి సెక్షను 52 తెలియదు.

డబ్బు కట్టి డౌన్‌లోడ్ చేసుకునే పద్ధతి మన దేశంలో ఎందుకు నిలవలేదో కూడా చూడాలి. అమెరికాలో నాప్‌స్టర్ ద్వారా జనం పాటలు ఉచితంగా పంచుకోవడం మొదలైంది 1999లో. కోర్టు తీర్పుతో 2001లో అది ఆగింది. 2003లో ఆపిల్ సంస్థ పాటకు 99 సెంట్ల చొప్పున అమ్మి మార్కెట్ నిలబెట్టింది. ఇక్కడ ఫ్లిప్‌కార్ట్ 2012 ఫిబ్రవరిలో ‘ఫ్లైట్’ పేరుతో పాటల దుకాణం తెరిచింది. ఒక కప్పు టీ ఖరీదుకు అటూ ఇటూగా ఒక పాట దొరికేది. 2013 జూన్‌లో మూసేశారు. ఉచిత సైట్లు ఒక కారణమైతే, అంత చిన్న మొత్తాన్ని ఆన్‌లైన్‌లో కట్టే సౌకర్యం అప్పట్లో చాలామందికి లేకపోవడం మరొకటి. ఇప్పుడు ఆ రెండో సాకు లేదు. పురానాపూల్ మీద కొత్తిమీర కట్టకు కూడా ఫోనుతో స్కాన్ చేసి డబ్బు కట్టగలిగే రోజులివి.

ఉచితంగా వినడమంతా దొంగతనం అని మేము అనడం లేదు. పాట తయారుచేసినవారి సొంత ఛానెల్‌లో ప్రకటనల మధ్య వింటే అది ఉచితం, న్యాయం కూడా. వారికి కొంత చేరుతుంది. కొన్ని పరిచర్యలు తమ పాటలు ఎవరైనా కాపీ చేసుకోవచ్చని చెబుతాయి, అవి తీసుకోవడంలో తప్పేమీ లేదు. కష్టపడి బతికే కుటుంబాన్ని నెలకు వంద రూపాయల యాప్ ఎందుకు కొనలేదని నిలదీయడం కూడా మా ఉద్దేశం కాదు. పైగా కొన్న యాప్ కూడా శాశ్వతం కాదు. వింక్ మ్యూజిక్ 2024లో మూతపడింది, అందులో దాచుకున్న పాటల జాబితాలు అక్కడితో సరి. పాత క్యాసెట్ అయితే కనీసం బీరువాలో మిగిలేది.

మా ప్రశ్న సంఘాలకు. రెండు లక్షలు పెట్టి స్పీకర్లు కొంటాం, మిక్సరు కొంటాం, పండుగకు పందిరి, లైట్లు, బిర్యానీకి లెక్క చూసుకోం. ఆ స్పీకరులో నుంచి వినబడే ట్రాకు దగ్గరకు వచ్చేసరికి ఐదు వందలు ఎందుకు అంటాం. అరౌనా తన కళ్లం ఊరికే ఇస్తానంటే దావీదు ఒప్పుకోలేదు, యాభై తులముల వెండి ఇచ్చి కొన్న తరువాతే బలి అర్పించాడు. ఇక్కడ అరౌనాను అడిగినవారు కూడా లేరు.

అంతకన్నా మాకు బాధ కలిగించేది మరొకటి ఉంది. పాట తీసుకుని, రాసినవారి పేరు తీసేసి, తమ సంఘం పేరు, తమ బోధకుని ఫొటో పెట్టి వీడియో చేయడం. డబ్బు విషయం ఎలా ఉన్నా, తన రచన తనదని చెప్పుకునే హక్కు రచయితకు సెక్షను 57 ప్రకారం ఎప్పుడూ ఉంటుంది. ఇతరులకు హక్కులు అమ్ముకున్నా అది పోదు. పాటల పుస్తకాలు అచ్చు వేయించే సంఘాలకూ ఇదే మాట. కొన్ని పుస్తకాల్లో పాటల మీద రాగం, తాళం ఉంటాయి, రచయిత పేరుండదు.

పాటలు చేసేవారితో కూడా ఒక మాట. కానుకల సొమ్ముతో పాట చేయించి, ఆ కానుకలిచ్చిన పల్లె సంఘం వీడియో మీదే స్ట్రయిక్ వేయించడం తగదు. మీ పాటను ఎవరు ఎలా వాడుకోవచ్చో వీడియో కిందనే నాలుగు వాక్యాల్లో తెలుగులో రాయండి. ఆరాధనకు ఉచితమా, ట్రాకు కావాలంటే ఎంత, ఏ నంబరుకు పంపాలి. చాలామంది అడగకపోవడానికి కారణం దురాశ కాదు, ఎవరిని అడగాలో తెలియకపోవడం. అమెరికాలో సంఘాల కోసం 1988లో సీసీఎల్ఐ అనే లైసెన్సు సంస్థ మొదలైంది. సంఘం తన పరిమాణాన్ని బట్టి ఏడాదికి ఒక మొత్తం కడుతుంది, వాడిన పాటల లెక్క చెబుతుంది, ఆ డబ్బు రచయితలకు పంచుతారు. తెలుగు సంఘాలు, సమాఖ్యలు కలిసి అలాంటి చిన్న ఏర్పాటును పాస్టర్ల ఫెలోషిప్ స్థాయిలోనైనా మొదలుపెట్టవచ్చు. అంతవరకు వచ్చే క్రిస్మస్ కార్యక్రమం ఖర్చుల కాగితంలో కేకు, నక్షత్రాల పక్కన ట్రాకుల కోసం ఒక గీత ఉండాలి. పిల్లల నృత్యానికి ఎంచుకున్న పాటలు ఎవరివో కనుక్కునే పని అక్టోబరులోనే సండేస్కూలు టీచర్లకు అప్పగిస్తే, డిసెంబరులో ఫోను చేసి అడగడానికి సమయం చిక్కుతుంది.