బాబ్లీ గేట్లూ, మన పీఎఫ్ లెక్కా

బాబ్లీ మాట వస్తే గోదావరికి ఎగువనా దిగువనా నాయకుల గొంతు లేస్తుంది. కాగితం అడిగి చూసినవాళ్లు మాత్రం తక్కువ. సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి 28న చెప్పిందేమిటి? జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీలు దిగువకు వదలాలి. వదిలారా? 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి మనమే అడగవచ్చు. ఎందుకని అధికారి ప్రశ్నించకూడదు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఈ చట్టం ఎవరి దయవల్లా రాలేదు. 1990లలో మస్టరు రోల్సు చూపమని నిలదీసిన రాజస్థాన్ కూలీల పోరాటం దీని వెనుక ఉంది.

నాందేడ్ జిల్లాలోని మనవాళ్లకు చిక్కొకటి: దరఖాస్తు మరాఠీ, హిందీ, ఇంగ్లీషుల్లోనే ఇవ్వాలి. రాయలేనివారు నోటితో చెబితే రాతలో పెట్టడానికి అధికారి సాయపడాలని 6వ సెక్షను చెబుతోంది. మొహమాటపడకండి.

ప్రైవేటు మిల్లు యాజమాన్యం నేరుగా ఈ చట్టం కిందికి రాదు. కానీ మన జీతంలో కోసిన పీఎఫ్ జమయిందో లేదో పీఎఫ్ ఆఫీసు చెప్పి తీరాలి. సోదరులారా, ముందు అదే అడుగుదాం. జవాబు అరకొరగా వస్తే 30 రోజుల్లోగా పై అధికారికి అప్పీలు పెట్టాలి. అందాకా రసీదు భద్రం.