అద్దె గోడకు మేకులేల?

పిల్లల చదువుల కోసం పట్నంలో వాటా అద్దెకు తీసుకున్న పల్లెవాసులకు ఖాళీ చేసే రోజున అడ్వాన్సు దగ్గర పేచీ వస్తోంది. పటానికొక మేకు, క్యాలెండరుకొక మేకు కొట్టగా పెచ్చులూడిన గోడలే ఇందుకు కారణం. వేరే ఒప్పందం లేనప్పుడు ఇంటిని తీసుకున్న స్థితిలోనే అప్పగించాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతోంది. మామూలు వాడకంతో కలిగే అరుగుదలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఈ రెండో మాటను ఇంటి యజమానులు మరువరాదు.

గోడ చెడకుండానే ఇంటికి కళ తేవచ్చు. పటాలను గూట్లోనో, బల్లమీదో ఆనించి నిలపవచ్చు. కిటికీ ఊచలకు తాడు కట్టి బొమ్మలు వేలాడదీయవచ్చు. బజారులో దొరికే అంటించే కొక్కేలు నున్నని టైల్స్‌కు పనికివస్తాయి గాని, సున్నం గోడమీద నిలవవు. పొరతో సహా ఊడివస్తాయి.

అసలు మేలైన మార్గం యజమానుల చేతిలోనే ఉంది. గదికొక చెక్కపట్టీ బిగించి నాలుగు కొక్కేలు పెడితే ఎందరు అద్దెకు మారినా గోడ చెక్కుచెదరదు. చేరిన రోజే గోడల స్థితిని ఇరువురూ కాగితంమీద రాసుకుంటే తగవుకు తావుండదు. పేదవాడి అడ్వాన్సు పేదవాడికి దక్కుతుంది.