పరదేశమున మిత్రుని యిల్లు

పరదేశముల కేగి వచ్చినవారిని మనవారు మొట్టమొదట నడుగు ప్రశ్న "ఏమేమి చూచితిరి?" అనునది. ఎవరి యింట నుంటిరి, వారెట్లు బ్రతుకుచున్నారు, వారు త్రాగు నీళ్ళెక్కడినుండి వచ్చును అని యడుగువారు మిక్కిలి యరుదు. ఈ రెండవ విధమగు ప్రశ్నలే మేలైనవని మా యభిప్రాయము. ఒక నగరము నెఱుగ గోరువాడు, అచ్చట మిత్రుడున్నచో అతని యింట దిగి, ఏ తొందరయు లేక కొన్నాళ్ళు ఊరక యుండవలెను. అట్లుండుట నగరమును దెలిసికొను మార్గము మాత్రమే గాదు, ఆ మిత్రునికి మనము చేయగల యుపకారము గూడ. ఈ మాట కొందఱకు వింతగ దోచవచ్చును గావున, మేము పదునేను దినములు గడపిన యొక నగరమును బట్టి చెప్పెదము.

ఆ నగరము ఆస్ట్రియా దేశపు రాజధానియగు వియన్నా. అచ్చట మా బాల్యమిత్రు డొకడు భార్యతోను, ఏడేండ్ల కుమారునితోను కాపురముండుచున్నాడు. మా యిరువురిదియు ఒకే బల్లమీద గూర్చుండి ఎక్కములు వల్లించిన నాటి స్నేహము. వారి నివాసము అయిదంతస్తుల మేడలో మూడవ అంతస్తున నొక చిన్న వాటా. పనిమనుష్యులు లేరు. ఆలుమగ లిరువురును ఉద్యోగస్థులే. వంట, అంట్లు, బట్టలు, పిల్లవానిని బడినుండి తీసికొని వచ్చుట, అన్నియు వారే చూచుకొనవలెను.

ఇట్టి యింటికి మనదేశమునుండి చుట్టములు వచ్చినచో నేమగును? వారు చేత నొక పట్టిక పట్టుకొని దిగుదురు. మొదటి దినము 1,441 గదులు గల షోన్‌బ్రున్ కోట. రెండవ దినము సెయింట్ స్టీఫెన్ దేవాలయ గోపురపు 343 మెట్లు. మూడవ దినము 1897 లో ప్రాటర్ తోటయందు నిలిపిన జెయింటు వీలు. ప్రతిచోటను ఫోటోలు. ఈ పట్టిక తీర్చుటకై గృహస్థుడు సెలవు పెట్టవలెను. ఆ దేశపు చట్టము ననుసరించి ఉద్యోగికి వేతనముతో గూడిన సెలవు సాధారణముగ ఏటికి ఐదు వారములు. స్వదేశమునకు వచ్చి కన్నవారిని జూచుకొనవలసినది గూడ ఆ యైదు వారములలోనే. ఒక యేట మూడు జట్ల చుట్టములు వరుసగ వచ్చుటచే మా మిత్రుని సెలవులో మూడు వారములు కోటలకును గోపురములకును ఖర్చయ్యెను. ఆ యేడు అతడు తల్లిని జూడ రాలేకపోయెను. ఆమె మా యూరిలోనే యున్నది. "వాడు రాలేదేమి నాయనా?" అని మమ్ము నడిగినప్పుడు, సెలవు దొరకలేదని మాత్రము చెప్పితిమి. దొరకిన సెలవు ఏమయ్యెనో ఆ తల్లికి చెప్పుటకు మా నోరాడలేదు.

కావున చేరిననాడే మిత్రునితో, "మాకొఱకు నీవొక్క దినమైనను సెలవు పెట్టవలదు. తాళపుచెవి యొకటి యిమ్ము, ట్రాము టిక్కెట్టు ఎక్కడ కొనవలెనో చెప్పుము, చాలును" అంటిమి. అతడు కొంతసేపు మా ముఖమువంక జూచి, "అయితే ఇక్కడికి వచ్చి ఏం చేస్తావురా?" అనెను. ఏమియు చేయమని చెప్పగా నవ్వెను.

మఱునాటి యుదయము అందఱును పనులకు బోయిన పిదప, వంటయింటి కొళాయి విప్పి గ్లాసు పట్టితిమి. నీరు కొండవాగు నీటివలె చల్లగ నుండెను. సాయంకాలము మిత్రు నడుగగా, అది నిజముగ కొండనీరే యని చెప్పెను. పూర్వము ఆ నగరవాసులు చెడిన బావులనీరు త్రాగి, కలరాచేతను సన్నిపాతజ్వరముచేతను వేలకొలది చచ్చెడివారు. ఎడ్వర్డ్ స్యూస్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు నగరసభలో బ్రవేశించి, ఆల్ప్సు పర్వతములలోని యూటలను నగరమునకు దింపవచ్చునని పట్టుబట్టెను. తొంబది కిలోమీటరులకు పైబడిన కాలువ 1873 లో తెరువబడెను. 1910 లో రెండవది వచ్చెను. దాని పొడవు సుమారు 180 కిలోమీటరులు. కొండలనుండి నగరమునకు నీరు పల్లమునకు బ్రవహించు తన స్వభావము చేతనే చేరును. మన విద్యార్థులు గమనింపదగిన విశేష మింకొకటి: సింగరేణి బొగ్గు దొరకు రాళ్ళను గోండ్వానా రాళ్ళందురు గదా, ఆ పేరును ఒకనాడు దక్షిణఖండములన్నియు గలసియుండిన మహాభూభాగమునకు బెట్టినవా డీ స్యూసే. గోండుల పేరు వియన్నా పండితుని గ్రంథము కెక్కుటయు, ఆ పండితుడు తెచ్చిన నీరు మేము త్రాగుటయు, ఏ పట్టికలోను వ్రాసియుండని సంగతులు.

పగటివేళ మిత్రుని వీధి చివరనున్న కాఫీశాలలో గూర్చుండెడివారము. ఒక కాఫీ తెమ్మన్నచో, చిన్న పళ్ళెములో కాఫీతోపాటు గ్లాసెడు నీళ్ళును (ఆ కొండనీళ్ళే) తెచ్చిపెట్టుదురు. వార్తాపత్రికలు కఱ్ఱ పట్టీలకు బిగించి తగిలించియుండును. ఎవరైనను దీసి చదువుకొనవచ్చును. ఆ యొక్క కాఫీతో రెండు గంటలు గూర్చున్నను లెమ్మనువారు లేరు. మనము అడిగిననే గాని బిల్లు రాదు. మన కాఫీహోటళ్ళలో మన కుర్చీ వెనుకనే యొకడు నిలువబడి, మన గ్లాసులోని కాఫీ తఱుగుటను కనిపెట్టుచుండుట తలపునకు వచ్చి నవ్వు వచ్చెను. ఈ కాఫీశాలల యాచారమును 2011 లో ఆస్ట్రియావారు యునెస్కో యొడంబడిక ననుసరించి తమ దేశపు సాంస్కృతిక వారసత్వపు జాబితాలో జేర్చిరి. తీరికను గూడ వారసత్వముగ నెంచిన ఆ జనులయెడ మాకు గౌరవము గలిగెను.

ఆ చుట్టుప్రక్కల నడచుచుండ, కొన్ని పెద్ద మేడలపై ఎఱ్ఱని యక్షరములతో నేదియో వ్రాసియుండుట గంటిమి. పిల్లవాడు చదివి అర్థము చెప్పెను: గృహనిర్మాణపు పన్నుతో వియన్నా నగరసభవారు కట్టించినదని. మొదటి ప్రపంచయుద్ధానంతరము, 1934 లోపల, కార్మికులకొఱకు ఇట్లు అఱువదివేలకు పైగా వాటాలు గట్టిరి. వానిలో మిక్కిలి పేరుగన్న కార్ల్ మార్క్స్ హోఫ్ 1930 లో పూర్తియయ్యెను; దాని పొడవు కిలోమీటరునకు మించును. 1934 ఫిబ్రవరి అంతర్యుద్ధములో దానిమీద ఫిరంగులు ప్రేల్చిరి. నేటికిని అందు జనులు కాపురమున్నారు. మేము చూచిన మేడల నడుమ చెట్లతో గూడిన విశాలమైన ముంగిలియు, ముసలివారు గూర్చుండు బల్లలును గలవు. అచ్చట మేము గడపిన మధ్యాహ్నములు పెక్కు.

"లక్షరూపాయలు పోసి విమానమెక్కి, కొళాయినీళ్ళు త్రాగి వచ్చితివా?" అని మా బంధువు లొకరు పరిహసించిరి. ఈ యాక్షేపణ తోసివేయదగినది గాదు. డబ్బు కష్టార్జితము, మరల పోగలమో లేదో. కాని కోట యొక్క బొమ్మ ఎన్ని పుస్తకములలో లేదు? నేడు చేతిలోని ఫోనులో దాని గదులు సైతము కనబడును. ఆ కోటలలో నివసించిన చక్రవర్తుల యేలుబడి 1918 లో ముగిసెను. ఆ కొళాయినీళ్ళు, ఆ ముంగిళ్ళు నేటికిని నగరమును బ్రతికించుచున్నవి. గొప్ప వస్తువులను జూడనే వలదని మేమనుటలేదు. అచ్చటి కళాప్రదర్శనశాలలో బ్రూగెల్ అను చిత్రకారుని పటములు పండ్రెండు గలవు. అన్ని యొక్కచోట మఱియెందును లేవు. 1565 లో అతడు వ్రాసిన మంచులోని వేటకాండ్ర పటము నెదుట మూడు పర్యాయములు పోయి కూర్చుంటిమి. మూడవసారి గాని అందు దూరమున గడ్డకట్టిన చెఱువులపై ఆడుకొనుచున్న పిల్లలు మాకు సరిగ గనబడలేదు.

తీరికగ నుండు అతిథి సోమరిగ నుండవలెనని గాదు. అంట్లు తోమితిమి. ఊరినుండి తీసికొనిపోయిన గోంగూరపచ్చడికి తోడు పప్పు వండితిమి. మూడు గంటలకు పిల్లవానిని బడినుండి తీసికొని వచ్చు పని మాదే. ఆ పిల్లవానికి తెలుగు అర్థమగును గాని, తల్లిదండ్రులు తెలుగున నడిగినను జర్మనులోనే బదులు చెప్పెడివాడు. ఉదయమునుండి రాత్రివఱకు పనిలో మునిగియుండు తల్లిదండ్రులకు వానిని సరిదిద్దు తీరిక యేది? మాకు జర్మను రాదు. కావున మాతో వాడు తెలుగే మాటాడవలసి వచ్చెను. తొలుత ఒక్కొక్క మాట. పదియవ నాటికి ట్రాములో గూర్చుండి, బడిలో జరిగిన యొక తగవునంతయు ఆదినుండి తుదివఱకు తెలుగున చెప్పెను. కోటలు జూచుటకు వచ్చిన చుట్టములలో నెవరికిని ఆ పిల్లవానితో అంతసేపు కూర్చుండుటకు వీలుపడలేదు.

ఆదివారములందు అచ్చట దుకాణములు దాదాపుగ నన్నియు మూసియుండును. అందఱమును గలసి డాన్యూబు నదిలోని పొడుగైన దీవికి నడచిపోయితిమి. అది వఱదల బాధ తప్పించుటకై 1972 మొదలు 1988 వఱకు క్రొత్తపాయ త్రవ్వి, ఆ మన్నుతో గట్టిన 21 కిలోమీటరుల దీవి. ఆ గట్టున గూర్చుండియే మా మిత్రుడు తన యుద్యోగపు కష్టములు, తల్లి వార్ధక్యమునుగూర్చిన దిగులు మాతో జెప్పుకొనెను. కోటకు బోవు తొందరలో నీ మాటలు వచ్చియుండవు.

మన పాఠశాలలో జదివినవారు నేడు అనేక దేశముల నున్నారు. వచ్చు వేసవిలో వారి యిండ్లకు బోవువారు, బయలుదేరు తేదీని దెలుపు జాబులోనే "మాకొఱకు సెలవు పెట్టకుము" అను మాటను గూడ వ్రాయుదురని కోరుచున్నాము. కోట చూడవలెనని యుబలాటమున్నచో టిక్కెట్టు కొనుక్కొని యొంటరిగ పోవచ్చును. ఏ ట్రాము ఎక్కవలెనో ఆ యింటి పిల్లవాడు చెప్పగలడు, తెలుగుననే యడుగుడు.