అవ్వ మాట కూడా సాక్ష్యమే



ఎండకాలం ఇప్పపువ్వు ఏరుడైపోయి తొలకరి వాన పడితే చాలు, మా అవ్వ ఇంట్ల నిలవదు. తెల్లారకముందే పుట్టల దిక్కు పోతది. నేను డిగ్రీ చదివిన. కానీ ఏ గొడుగు తినాలె, ఏది ముట్టొద్దు అని ఇప్పటికీ ఆమెనే అడుగుత.

ఆమెకు తెలిసింది చిన్న విద్య కాదు. పుట్టల చెదలు ఆకు, కట్టె నమిలి తెచ్చి దానిమీద బూజును సాగుచేస్తయి. వానలు పడ్డంక ఆ బూజే నేల చీల్చుకొని పుట్టగొడుగై లేస్తది. అందుకే అవ్వ గొడుగు తెంపుతది గానీ పుట్టను తవ్వనియ్యదు. పుట్ట పోతే వచ్చే ఏడు కూర లేదు.

విషపు గొడుగుల్లో కొన్నింటితో తిన్న ఆరు గంటల దాకా ఏమీ కాదు. వాంతులు, విరేచనాలు మొదలయ్యేసరికి విషం ఒంట్లకు ఎక్కి ఉంటది, కాలేయం దెబ్బతింటది. వండేటప్పుడు వెండి నాణెం వేస్తే నల్లబడుతదనేది ఉత్త మాట. ఫోన్ల ఫొటో చూసి కూడా తినొద్దు. తెలిసిన పెద్దల వెంట పోయి చూసి నేర్చుకోవాలె.

ఇప్పుడు అసలు సంగతి. 'టైగర్ రిజర్వ్ కదా, మీకు హక్కేంది?' అని అడిగేటోళ్లున్నరు. 2006 అటవీ హక్కుల చట్టం అభయారణ్యాలకూ, జాతీయ పార్కులకూ వర్తిస్తది. సెక్షన్ 3(1)(సి) చిన్నతరహా అటవీ ఉత్పత్తులను ఏరుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కు మనదే అంటది. సామూహిక హక్కులకు ఫారం-బి పెట్టాలె. సాక్ష్యం ఏమిటంటే, 13వ నిబంధన చదవండి. దుంపలు, పండ్లు, ఇతర అటవీ ఉత్పత్తులు ఏరుకునే జాగాలు సాక్ష్యమే. పెద్దమనుషులు చెప్పింది రాసిపెడితే అదీ సాక్ష్యమే.

అంటే అవ్వ నోట ఉన్నది ఉత్త కూర ముచ్చట కాదు, మన హక్కుకు రుజువు. ఆమెతోనే అది పోతే మనం ఆఫీసు ముందల ఏం చూపిస్తం?

నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల హాస్టళ్లల్ల ఉన్నోళ్లకు ఒక్కటే మాట. ఈ తొలకరికి ఇంటికి పోయినప్పుడు అవ్వ వెంట అడవికి పోండి. ఏ కుంట పక్కన, ఏ గుట్ట కింద, ఏ కార్తెల ఏ గొడుగు లేస్తదో ఆమె మాటల్లోనే రాయండి. అన్నల కన్నా అక్కలకే ఇది ఎక్కువ తెలుసు, వాళ్లను సభల ముందు కూర్చోబెట్టండి. అది గ్రామసభలో చదివి వినిపించండి, అటవీ హక్కుల కమిటీకి ఇచ్చి ఫారం-బికి జతచేయించండి. హక్కుపత్రం ఒక్కరోజుల రాదు, కానీ రాయనిది అసలే రాదు.

ఒక్క జాగ్రత్త. ఆ జాగాల పేర్లు ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. అవి ఉండాల్సింది మన గ్రామసభ పుస్తకంల.

జై ఆదివాసీ!